పాత కంప్యూటరుతో సంభాషణము

1977వ సంవత్సరము మొదలుకొని 1990 ప్రాంతము వఱకు, ఇండ్లలో బల్లపై నుంచుకొని, టెలివిజనునకు తగిలించి వాడుకొనుటకై అమెరికాలోను ఇంగ్లండులోను లక్షలకొలది అమ్ముడుపోయిన చిన్న కంప్యూటర్లను ఎనిమిది బిట్ల కంప్యూటర్లందురు. ఒక్కమాఱునకు ఎనిమిది బిట్లను, అనగా ఒక్క బైటును మాత్రమే చేపట్టగల ప్రాసెసరుతో అవి నడచెడివి. ఆపిల్ టూ, కమొడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో మున్నగునవి ఆ కుటుంబములోనివి. మన దేశమునకును ఆ కుటుంబము కేవలము పరాయిది కాదు. 1984-85 ప్రాంతమున కేంద్రప్రభుత్వము 'క్లాస్' అను పథకము పేర పాఠశాలలలో కంప్యూటరు పరిచయమును ప్రారంభించినపుడు విద్యార్థుల యెదుట పెట్టినది ఇంగ్లండువారి బీబీసీ మైక్రోనే.

ఆ యంత్రములకు నేడు ఇంచుమించు నలువది యేండ్ల వయస్సు. జాగ్రత్తగా కాపాడబడినవి నేటికిని మీట నొక్కగానే మేల్కొనుచున్నవి. త్వరగా క్షీణించుచున్నవి వాని ప్రక్కనున్న ఫ్లాపీ డిస్కులును క్యాసెట్టులును. పలుచని ప్లాస్టిక్కుపై జిగురుతో అంటించిన అయస్కాంతపు పూతయే వాని జ్ఞాపకశక్తి యంతయు. తేమ తగిలిన బూజు పట్టును, జిగురు సడలిన పూత రాలును. ఎవరో యౌవనమున రాత్రులు మేలుకొని వ్రాసికొన్న ప్రోగ్రాములు, ఒక చిన్న అంగడి పద్దులు, ఒక రచయిత తొలి చిత్తుప్రతి, ఒకప్పుడు పిల్లలు మైమఱచి ఆడిన ఆటలు, ఇవన్నియు ఆ పూతలోనే యున్నవి. వానిని నేటి కంప్యూటరులోనికి తెచ్చికొందమన్న, పాతదాని వెనుకనున్న పోర్టులలో చాలవఱకు కొత్తదానికి లేవు; కొత్తదానికి గల యూఎస్‌బీ యన్ననో, పాతదాని కాలమునకు ఇంకను పుట్టియుండలేదు. ఈ రెండింటి నడుమ ఫైళ్లను చేరవేయుటకై రచింపబడిన సాఫ్ట్‌వేరును గూర్చియే యీ వ్యాసము.

పాత యంత్రము మందగమనము గలది గనుక కష్టమంతయు దానివలననే కలుగునని తలచుట సహజము. ఈ పనిలో చేయి పెట్టినవారి యనుభవము వేఱుగా నున్నది. పాత యంత్రము మెల్లగా నడచును గాని, ఏ యడుగును ఏ క్షణమున వేయవలెనో ఆ క్షణముననే వేయును. ఏ ఆదేశమునకు ఎన్ని మైక్రోసెకనులు పట్టునో ముందుగానే కాగితముపై లెక్కకట్టి చెప్పవచ్చును. నేటి యంత్రము దానికంటె వేలరెట్లు వేగము గలదయ్యును, ఏకకాలమున వందల పనులను మార్చి మార్చి నడుపుచుండుటచే, ఫలానా పనికి ఫలానా మైక్రోసెకనునందు వచ్చెదనని మాట యీయజాలదు. వేగము వేఱు, కాలనియమము వేఱు. ఈ సాఫ్ట్‌వేరును రచించినవారి నేర్పంతయు ఆ కాలనియమమును ఏదో విధమున సాధించుటయందో, లేక దాని యవసరమే కలుగకుండ చేయుటయందో కనబడును.

మార్గములన్నింటిలో తేలికయైనది ధ్వని. 1982 ఏప్రిలులో కేంబ్రిడ్జి పట్టణపు సింక్లెయిర్ సంస్థ వెలువరించిన స్పెక్ట్రమునకు ప్రత్యేకమైన డిస్కు డ్రైవుతో పని లేదు. పాటలు వినుటకు ఇంటనున్న క్యాసెట్టు రికార్డరే చాలును. ప్రోగ్రామును అది చెవికి వినవచ్చు కీచుధ్వనిగా మార్చి టేపునకు అందించును. దాని ప్రాసెసరు గడియారము సెకనుకు 35 లక్షల మాఱులు కొట్టుకొనును. సున్న యను బిట్టునకు 855 కొట్టుల పొడవు గల నాదఖండములు రెండు. ఒకటి యను బిట్టునకు సరిగా దానికి రెట్టింపు, అనగా 1710 కొట్టుల పొడవు గల ఖండములు రెండు. వీనికి ముందు కొంతసేపు ఒకే శ్రుతిలో సాగు దీర్ఘనాదము వినబడును. దానిని విని యంత్రము సిద్ధపడును. తుదకు, అంతవఱకు వచ్చిన బైట్లన్నింటి నుండి గణించిన సరిచూపు బైటు ఒక్కటి వచ్చును. అది పొసగనిచో టేపులో లోపము గలదని తెరపై వ్రాసి యంత్రము చేతులు ముడుచుకొనును. 48 కిలోబైట్ల జ్ఞాపకమును నింపుటకు ఇంచుమించు అయిదు నిమిషములు పట్టెడిది.

ఫైలు ధ్వనియైనపుడు దానికి తీగయే యక్కఱలేదు, రేడియో చాలును. వోయా ఆంతోనిచ్ అను ఇంజనీరు 1983లో యుగోస్లావియాలో గలాక్సియా అను కంప్యూటరును రూపొందించి, దానిని ఎవరికి వారే ఇంటిలో కూర్చుకొనునట్లు పత్రికాముఖమున వివరించిన పిమ్మట, బెల్‌గ్రేడ్ రేడియోలో 'వెంటిలేటర్ 202' అను కార్యక్రమమును నడుపుచుండిన జోరాన్ మోద్లి ఆ యంత్రమునకును తక్కిన గృహకంప్యూటర్లకును తగిన ప్రోగ్రాములను గాలిలోనికి ప్రసారము చేయసాగెను. శ్రోతలు రేడియో ప్రక్కన రికార్డరు పెట్టుకొని ఆ రొదను టేపునకెక్కించి, పిదప తమ కంప్యూటరునకు వినిపించెడివారు. నెదర్లాండ్సు రేడియోవారు మఱొక యడుగు ముందుకు వేసి, వేర్వేఱు కంపెనీల యంత్రములన్నియు గ్రహింపగల బేసిక్ భాషాభాగమును ఏఱి, బేసికోడ్ అను ఉమ్మడి పద్ధతిని నెలకొల్పిరి. బీబీసీ రేడియోయు దానిని కొంతకాలము వాడెను. ఒక్క ప్రసారముతో వినువారందఱికి ఒకేసారి ఫైలు చేరుట యను ఈ సదుపాయము, ఇంటర్నెట్టు సామాన్యుల యిండ్లకు రాకమునుపే యిట్లు రేడియో గుండ నడచినది.

నేటి స్పెక్ట్రము యజమానులు టేపునకు బదులు చరవాణిని వాడుచున్నారు. టీజెడ్‌ఎక్స్ అను ఫైలు రూపమున ఆ నాదఖండముల పొడవులన్నియు లెక్కగా నిలిచియుండును. దానిని మఱల ధ్వనిగా మార్చి, ఇయర్‌ఫోను రంధ్రము నుండి ఒక చిన్న తీగ ద్వారా పాత యంత్రమునకు వినిపింతురు. ధ్వని తగినంత బిగ్గరగా నుండవలెను. నడుమ ఏదో సందేశము వచ్చి చరవాణి గంట మ్రోగినచో ఆ గంటయు ప్రోగ్రాములోని భాగమేయని పాపము యంత్రము తలచి, తుదకు సరిచూపు పొసగక అయిదు నిమిషముల శ్రమను త్రోసిపుచ్చును. ఈ పద్ధతికి పెద్ద లోపము ఇదియే: పంపువాడు పలుకుచు పోవును గాని, వినువానికి ముట్టినదా లేదా యని అడుగు వీలు లేదు.

ఆ లోటును తీర్చినవాడు షికాగో నగరమున ఐబీఎమ్ సంస్థలో ఉద్యోగము చేయుచుండిన వార్డ్ క్రిస్టెన్‌సెన్. టెలిఫోను తీగలపై ఒక మైక్రోకంప్యూటరు నుండి మఱొకదానికి ఫైళ్లు పంపుకొనుటకై 1977లో ఆయన వ్రాసిన ప్రోగ్రాము నుండి ఎక్స్‌మోడెమ్ అను ఒడంబడిక పుట్టినది. ఫైలును 128 బైట్ల ముక్కలుగా ఖండించవలెను. ప్రతి ముక్కకు ముందు దాని సంఖ్యను, ఆ వెంటనే 255 నుండి ఆ సంఖ్యను తీసివేయగా మిగిలినదానిని, చివర బైట్లన్నింటి మొత్తమును చేర్చవలెను. అందుకొన్న యంత్రము లెక్క సరిచూచుకొని 'ముట్టినది' అనియో 'ముట్టలేదు' అనియో ఒక్క యక్షరముతో బదులు చెప్పును; ముట్టలేదన్నచో అదే ముక్కను మఱల పంపవలెను, ముట్టినదను మాట వినబడువఱకు రెండవ ముక్కను కదపరాదు. మేడ కట్టుచోట క్రింది కూలివాడు ఇటుక నెగురవైచి, పైవాడు పట్టుకొంటినని కేకవేయువఱకు రెండవ ఇటుకను చేతబట్టక నిలుచుటవంటిది ఈ యేర్పాటు. ఇందు మైక్రోసెకనుల నియమముతో నిమిత్తము లేదు; ఎవరెంత ఆలస్యము చేసినను రెండవవారు కొంతసేపు కనిపెట్టుకొని యుందురు. అందువలననే, నాటి సీరియల్ పోర్టు గల యే యంత్రముతోనైనను నేటి కంప్యూటరు నేటికిని ఎక్స్‌మోడెమ్‌లో నిరాటంకముగా సంభాషింపగలదు.

క్రిస్టెన్‌సెన్ తన ప్రోగ్రామును ఎల్లరకు ఉచితముగా విడిచిపెట్టెను. 1978 ఫిబ్రవరిలో రాండీ స్యూస్ అను మిత్రునితో కలిసి ఆయనయే షికాగోలో తొలి కంప్యూటరు ప్రకటనల పలకను టెలిఫోనుపై నెలకొల్పగా, వెంటవెంటనే అట్టివి దేశమంతట వెలసి, వానితోపాటు ఎక్స్‌మోడెమ్ వ్యాపించినది. ఒడంబడిక సరళమగుటచే దాని లోపములును స్పష్టములే. ఒక్క బైటు మొత్తము చాలినంత కాపుదల కాదు గనుక, తరువాతివారు పదునాఱు బిట్ల గణితమును చేర్చిరి. చివరి ముక్క 128 బైట్లకు తక్కువైనచో మిగిలిన చోటును పూరణాక్షరములతో నింపవలసివచ్చుట రెండవ లోపము. ఫైలు పొడవును సరిగా తెలుపు వీలు లేదు. టొరాంటో నివాసియైన స్టీవ్ పంటర్ కమొడోర్ యంత్రములకు వేఱుగా మఱొక ఒడంబడికను కల్పించెను. అది ఆ యంత్రముల లోకము దాటి పెద్దగా వెళ్లలేదు.

కెర్మిట్ దాటినది. 1981లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున, పెద్ద కంప్యూటరులో చోటు చాలని విద్యార్థులు తమ ఫైళ్లను చిన్న యంత్రముల ఫ్లాపీలలో దాచుకొనుటకు వీలుగా ఫ్రాంక్ ద క్రూజ్, బిల్ క్యాచింగ్స్ అనువారు దీనిని రచించి, టెలివిజను బొమ్మలాటలోని కప్ప పేరు పెట్టిరి. పెద్ద కంప్యూటర్లు కొన్ని యక్షరములను తమకిచ్చిన ఆజ్ఞలుగా గ్రహించి నడుమనే మ్రింగివేయుచుండెడివి. కెర్మిట్ ఆ ప్రమాదమును ముందే యూహించి, ప్రతి బైటును అచ్చులో కనబడదగిన అక్షరములుగా మార్చి, చిన్న చిన్న పొట్లములుగా కట్టి పంపును. పొట్లము పెరుగును, కాలము వ్యయమగును, కాని యే తీగ మీదుగానైనను సరుకు చేరును. ఎక్స్‌మోడెమ్ మంచి మార్గమును నమ్మి బయలుదేరునది, కెర్మిట్ లోకమెఱిగినది. నాకు కెర్మిట్ మీదనే గౌరవ మెక్కువ.

అయినను ఇంతవఱకు చెప్పినదానిలో ఒక చిక్కు దాగియున్నది. సంభాషణకు ఇరువురు కావలెను. పాత యంత్రములోనికి ఆ సగము ప్రోగ్రాము ముందుగా చేరియుండవలెను. దానిని చేర్చుటకు డిస్కు కావలెను. డిస్కుపై వ్రాయుటకు మఱల ఆ ప్రోగ్రామే కావలెను. సంతలో ఒక ఆపిల్ టూ కొని, ఒక్క డిస్కయినను లేక ఇంటికి తెచ్చినవాని గతి యేమి? ఏడీటీప్రో అను సాఫ్ట్‌వేరు ఈ చిక్కును విప్పిన తీరు, ఈ విషయమంతటిలోను అత్యంత మనోహరమైనదని నా యభిప్రాయము. ఆపిల్ టూ యంత్రములో, రెండవ గూటిలో సీరియల్ కార్డు ఉన్నదనుకొందము. కీబోర్డుపై 'ఐఎన్#2' అని కొట్టినచో, ఇకమీదట కీబోర్డును విని యుండవలదు, ఆ కార్డు నుండి వచ్చు అక్షరములనే ఎవరో కొట్టుచున్నట్లు భావింపుమని యంత్రమునకు ఆజ్ఞ యిచ్చినట్లగును. వెంటనే నేటి కంప్యూటరు తీగ యావలి నుండి కనబడని చేతితో మీటలు నొక్కుటకు మొదలిడును; ఆపిల్ శాశ్వతజ్ఞాపకములో పుట్టుకతోనే యున్న మానిటరు అను పరికరమునకు అంకెల వెంబడి అంకెలుగా ఒక చిన్న ప్రోగ్రామును టైపు చేసి, దానిని నడుపుమని తానే యాజ్ఞాపించును. ఆ చిన్న ప్రోగ్రాము తనకంటె పెద్దదానిని దిగుమతి చేసికొనును. ఆ పెద్దది ఖాళీ డిస్కును సిద్ధపఱచి దానిపై వ్రాయును. ఏమియు లేనిచోట నుండి, 35 ట్రాకులు, అనగా వలయములు, ట్రాకునకు 16 సెక్టర్లు, అనగా ఖండములు, మొత్తము 1,43,360 బైట్ల డిస్కు సంపూర్ణముగా సిద్ధమగును. సీరియల్ కార్డు లేనివారికి క్యాసెట్టు రంధ్రము గుండ ధ్వనిరూపమున ఇదే పని జరుగును.

బీబీసీ మైక్రోలోను ఇట్టి సౌకర్యమే కలదు. '*ఎఫ్‌ఎక్స్ 2,1' అని కొట్టినచో అదియు కీబోర్డును విడిచి సీరియల్ పోర్టు మాట వినును. నాటి యంత్రనిర్మాతలు ఈ యుపయోగమును ఊహించి పెట్టినవి కావివి. కాని యంత్రములోని ప్రతి ద్వారమును వాడువానికి తెఱచి యుంచి, దాని వివరమును పుస్తకములో అచ్చువేసి చేతికిచ్చుట ఆనాటి యాచారము. నలువది యేండ్ల తరువాత అది ఫలించినది.

ఇక కమొడోర్ 64. 1982 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనయందు కనబడి, ఆ యేడు ఆగస్టు నుండి 595 డాలర్లకు అమ్మకమునకు వచ్చిన ఈ యంత్రము కోటికి మించి అమ్ముడుపోయినది. దానికి తోడైన 1541 అను డ్రైవు నిజమునకు మఱొక కంప్యూటరే: దానిలో సొంతముగా ఒక 6502 ప్రాసెసరు, 2 కిలోబైట్ల జ్ఞాపకము, డిస్కు వ్యవహారమంతయు నిక్షిప్తమైన 16 కిలోబైట్ల శాశ్వతజ్ఞాపకము గలవు. ఇంత పరివారముండియు ఆ డ్రైవు సెకనుకు సుమారు 400 బైట్లను మాత్రమే పంపగలిగెడిది. 40 కిలోబైట్ల ఆట తెఱచుకొనుటకు నిమిషమున్నర దాటెడిది. దీనికి కారణము కమొడోర్‌వారి వెనుకటి యంత్రమైన వీఐసీ-20లో నున్నది. బిట్లను వరుసగా పంపుపనిని దానిలోని 6522 అను చిప్పు తనంత తానే నిర్వహింపవలసియుండెను. ఆ చిప్పులో లోపము బయటపడుటచే, ఇంజనీర్లు ఆ పనిని ప్రాసెసరుచేతనే ఒక్కొక్క బిట్టుగా చేయించిరి. కమొడోర్ 64లో మఱొక విఘ్నము వచ్చిపడెను: బొమ్మలను గీయు చిప్పు, అక్షరముల వరుసను చదువవలసి వచ్చినపుడెల్ల ప్రాసెసరును క్షణకాలము నిలిపివేయును. ఆ నిలుపుదలలో బిట్లు జాఱిపోకుండుటకై డ్రైవు ఇంకను మెల్లగా పలుకవలసివచ్చినది.

అయితే డ్రైవు కంప్యూటరగుట వలన ఒక మేలును కలిగినది. ఇచ్చిన బైట్లను నీ జ్ఞాపకములో పెట్టుకొనుమని ఒక యాజ్ఞ, పెట్టుకొన్నదానిని నడుపుమని మఱొక యాజ్ఞ దానికి ఈయవచ్చును. ఎపిక్స్ సంస్థవారి ఫాస్ట్‌లోడ్ కార్ట్రిడ్జి మొదలగునవి ఈ దారిలోనే ప్రవేశించి, డ్రైవునకు త్వరగా పలుకు విద్యను నేర్పి, కాలమును ఎన్నోరెట్లు తగ్గించినవి. తరువాత వచ్చిన ఫైలు బదిలీ సాఫ్ట్‌వేరు సైతము ఈ ద్వారముననే లోపలికి పోవును.

కమొడోర్ డిస్కును తీసి నేరుగా ఐబీఎమ్ తరహా కంప్యూటరు డ్రైవులో పెట్టరాదా యని పాఠకులడుగవచ్చును. కొలత సరిపోవును, లిపి సరిపోదు. కమొడోర్‌వారు నాలుగేసి బిట్లను అయిదేసి బిట్ల గుర్తులుగా మార్చి వ్రాసిరి. అంతేకాక బయటి ట్రాకులు పొడవైనవి గనుక వానిపై 21 సెక్టర్లను, లోపలికి పోవుకొలది 19, 18, 17 చొప్పున తగ్గించి పెట్టిరి. ఐబీఎమ్ యంత్రపు డ్రైవును నడుపు చిప్పునకు ఈ రెండును తెలియవు. అందుచేత 1990 తరువాత ఔత్సాహికులు ఆ డ్రైవు జోలికి పోక, 1541 డ్రైవునే తెచ్చి, ప్రింటరు కొఱకున్న ప్యారలల్ పోర్టునకు ఎక్స్1541 అను స్వల్పమైన కేబులుతో తగిలించిరి. స్టార్ కమాండర్ అను ప్రోగ్రాములో తెర రెండు భాగములు: ఒకవైపున ఐబీఎమ్ యంత్రపు ఫైళ్లు, రెండవవైపున కమొడోర్ డిస్కులోని ఫైళ్లు; ఇటునుండి అటు పంపుటకు మీట యొక్కటి. ఇది జరుగుటకు కారణము నాటి ఐబీఎమ్ యంత్రములను నడిపిన డాస్ అను నిర్వహణవ్యవస్థ. డాస్ కాలమున యంత్రమంతయు ఒక్క ప్రోగ్రామునకే దత్తమై యుండెడిది. ఆ ప్రోగ్రాము తలచుకొన్నచో 1541 తాళమునకు తప్పక అడుగు వేయగలిగెడిది.

విండోస్ వచ్చిన పిమ్మట ఆ యేకాగ్రత పోయినది. బిట్టు కొఱకు కనిపెట్టుకొని యున్న ప్రోగ్రాము నుండి ప్రాసెసరును లాగికొని మఱొక పనికి పెట్టుట, తిరిగి వచ్చునప్పటికి బిట్టు దాటిపోవుట నిత్యకృత్యమైనది. ప్రింటరు పోర్టుల విద్యుత్స్వభావమును మాఱుటచే, కేబులులో డయోడులు చేర్చి ఒక రకము, ట్రాన్సిస్టరులు చేర్చి మఱొక రకము కల్పింపవలసివచ్చెను. ఓపెన్‌సీబీఎమ్ అను సాఫ్ట్‌వేరు నిర్వహణవ్యవస్థ గర్భముననే డ్రైవరుగా చేరి, బదిలీ జరుగునంతసేపు తక్కిన పనులను అడ్డగించి, పోయిన యేకాగ్రతను కొంతవఱకు తిరిగి సంపాదించినది. ఇంతలో ప్రింటరు పోర్టే యంతరించినది. దాని స్థానమున వచ్చిన యూఎస్‌బీ ఎంత వేగము గలదైనను, బిట్లను మూటగట్టి నిర్ణీతవ్యవధులలో పంపునే గాని, ఇదిగో ఈ మైక్రోసెకనుననే పంపుమన్న వినదు. తుదకు జూమ్‌ఫ్లాపీ అను చిన్న పరికరముతో చిక్కు విడినది. దానిలో ఒక మైక్రోకంట్రోలరు చిప్పు కూర్చుండి, ఒకవైపున యూఎస్‌బీ మూటలను తీరుబడిగా అందుకొని, రెండవవైపున 1541తో దాని తాళముననే మాటాడును. కాలనియమము కోలుపోయిన మహావేగయంత్రము, నియమము తప్పని చిన్న యంత్రమును దుబాసీగా నడుమ నిలుపుకొనవలసివచ్చినది. విశేషమేమనగా ఆ దుబాసీ చిప్పును ఎనిమిది బిట్లదే.

ఇట్లు తెచ్చిన డిస్కును ఫైళ్లుగా విడదీయక, 683 సెక్టర్లను సెక్టరునకు 256 బైట్ల చొప్పున వరుసగా పేర్చి, 1,74,848 బైట్ల ఒకే ఫైలుగా భద్రపఱతురు. దానికి డీ64 అని పేరు. సొంతముగా వ్రాసికొన్న డిస్కులకు ఇది చాలును. వర్తకులమ్మిన ఆటలకు చాలకపోవుట తఱచు. దొంగప్రతులను అరికట్టుటకై ఆ వర్తకులు డిస్కుపై బుద్ధిపూర్వకముగా కొన్ని సెక్టర్లను చెఱచి యుంచెడివారు. ఆట మొదలగునపుడు ఆ సెక్టరును చదువబోవును, డ్రైవు చదువలేకపోయిన అసలు డిస్కని నమ్మును, చక్కగా చదివిన దొంగప్రతియని నిలిచిపోవును. లోపము లేని ప్రతి చెల్లని ప్రతియైన వింత యిది. కావున సెక్టర్లను గాక ట్రాకుపై నున్న ముడిబిట్లనే తేవలసివచ్చును. డిస్కు నిమిషమునకు 300 మాఱులు తిరుగును. బయటి ట్రాకున ఒక్క చుట్టులో సుమారు 7,690 బైట్లు డ్రైవు తల క్రింద సాగిపోవును, అనగా 26 మైక్రోసెకనులకొక బైటు. డ్రైవు జ్ఞాపకము 2,048 బైట్లే గనుక దాచుకొని నెమ్మదిగా చెప్పు వీలు లేదు. చదివినదానిని చదివినట్లే బయటికి త్రోయవలెను. మామూలు తీగపై అది యసాధ్యమగుటచే, డ్రైవు మూత విప్పి ఎనిమిది బిట్లను ఒక్కసారిగా తెచ్చు మఱొక కేబులును లోపల అతికింతురు. నిబ్‌టూల్స్ అను సాఫ్ట్‌వేరు ఆ దారిన పనిచేయును.

బైట్లన్నియు చెక్కుచెదరక వచ్చినను, చదువుటకు పనికివచ్చునన్న నమ్మకము లేదు. కమొడోర్ అక్షరక్రమములో ఇంగ్లీషు చిన్నబడి, పెద్దబడి అక్షరముల సంఖ్యలు లోకమున కెల్ల వాడుకయైన క్రమమునకు భిన్నములు; మార్పిడి లేక తెచ్చిన ఉత్తరములో చిన్నవి పెద్దవిగా, పెద్దవి వికృతచిహ్నములుగా కనబడును. ప్రోగ్రాము ఫైలులో మొదటి రెండు బైట్లు అది జ్ఞాపకములో ఎచ్చట దిగవలెనో తెలుపును. అవి అక్కఱలేని చెత్తయని తొలగించిన ఉదారులును కలరు. ఫైలు పేరు పదునాఱక్షరముల వఱకు ఉండవచ్చును, అందు బొమ్మగుర్తులును ఉండవచ్చును. డాస్ ఎనిమిదక్షరములకు మించి ఒప్పుకొనకుండుటచే అసలు పేరును ఫైలు లోపలనే దాచు ఏర్పాటు నొకదానిని ప్రత్యేకముగా చేయవలసివచ్చెను.

ఇటీవలి వారు డ్రైవులోని తెలివినంతటిని ప్రక్కకు నెట్టి, అయస్కాంతపు దిశ మాఱిన ప్రతిమాఱును నడుమ ఎంత కాలము గడచినదో కొలిచి, ఆ కాలముల పట్టికనే ఫైలుగా వ్రాసికొనుచున్నారు. క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ అను పరికరములు అట్టివి. సామాన్యమైన ఐబీఎమ్ తరహా డ్రైవుతోనే, కొలత సరిపోయిన యే కంపెనీ డిస్కునైనను ఇట్లు పట్టవచ్చును. అర్థము చెప్పుకొనుట తరువాతి పని. దీనితో పాత పద్ధతులన్నియు మూలపడినవని కొందఱు వాదింతురు. తెచ్చుట మాటకు అది సత్యమే కావచ్చును. కాని తెచ్చినదానిని ఒక నిజమైన కమొడోరునకో ఆపిలునకో తిరిగి యందించి దానిపై నడుపవలెనన్న, దానితో దాని భాషలో మాటాడు ప్రోగ్రాము నేటికిని కావలెను. ఆ యంత్రములకై నేడును కొత్తగా ఆటలు వ్రాయువారు కలరు. వారు వ్రాయుట నేటి కంప్యూటరుపై, పరీక్షించుట పాతదానిపై.

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అను ఆటను జోర్డన్ మెక్నర్ ఆపిల్ టూ యంత్రముపై రచింపగా అది 1989లో వెలువడి లోకప్రసిద్ధమైనది. దాని మూలప్రతి పోయినదనియే ఆయన చాలకాలము తలచెను. 2012లో ఆయన తండ్రి ఇంటి యలమారలో పాత పెట్టె నొకదానిని కనుగొనగా, అందు ఆ మూలప్రతి గల మూడున్నర అంగుళముల డిస్కులు బయటపడినవి. ఇంటర్నెట్ ఆర్కైవుకు చెందిన జేసన్ స్కాట్, పాత ఆపిల్ యంత్రములను సేకరించు టోనీ డియాజ్ అనువారు పాత సామగ్రితో ఆయన యింటికి వచ్చి ఏప్రిలులో ఆ డిస్కులను చదివించిరి. ఇరువది మూడేండ్లు గడచినను అవి చదువబడినవి. పిమ్మట ఆ ప్రోగ్రామును ఆయన ఎల్లరు చూచునట్లు ప్రకటించెను.

ఇట్టి డిస్కులు ఇంటనున్నవారు చేయవలసిన పని క్రమము తప్పనిది. అయిదుంబావు అంగుళముల డిస్కయినచో ముందుగా దాని యంచున గల గంటును అంటుకాగితముతో మూయవలెను. అప్పుడు డ్రైవు పొరపాటున సైతము దానిపై వ్రాయజాలదు. బూజు కనబడిన డిస్కును శుభ్రపఱచక లోపలికి త్రోయరాదు. త్రోసినచో డ్రైవు తలకు ఆ మురికి అంటుకొని తరువాత పెట్టిన మంచి డిస్కును గీయును. డిస్కును రెండుమాఱులు సంపూర్ణముగా చదివించి, రెండు ప్రతులను ఒకదానితో నొకటి సరిపోల్చి, అవి యేకమైనవని తేలిన పిమ్మటనే లోపలి ఫైళ్లను విప్పవలెను.